లెక్కల మనిషి వచ్చిన వారం

చూశాడు, చూసి కూడా చూడనట్టు పోయాడు, నా కళ్ళలోకి చూసి మరీ గేరు మార్చాడు ఆ డ్రైవరు, బస్సులో నిలబడ్డవాళ్ళు కూడా లేరు, సగం సీట్లు ఖాళీ, అయినా ఆపలేదు, ఆపితే వాడి సొమ్మేం పోతుంది, ఏడాదిలో రెండుసార్లు ఛార్జీ పెంచితే కిమ్మనకుండా ఇచ్చుకున్నాం కదా, పెంచితే కొత్త బస్సులు వస్తాయన్నారు, కొత్తవి దేవుడెరుగు, ఉన్నవాటికి తలుపులే పడవు, వానొస్తే లోపల గొడుగు వేసుకోవాలి, కావాలనే ఆపలేదు వీడు, కిందటి నెల చిల్లర దగ్గర కండక్టరుతో గొడవపడ్డాను, అతనే చెప్పి ఉంటాడు, నీలం గొడుగు ఆవిడ కనబడితే ఆపకు అని, వాళ్ళూ వాళ్ళూ ఒకటి, ఎనిమిదింటికల్లా ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ బల్ల ముందు ఉండాలి నేను, ఇప్పటికే రెండుసార్లు ఆలస్యం, మూడోసారైతే ఇక రానక్కర్లేదమ్మా అని ఇన్‌చార్జి నవ్వుతూ చెప్పింది, ఆ నవ్వు నాకు నచ్చలేదు, ఆవిడ ఆడపడుచుకు పని లేదట, నా బల్ల మీదే కన్ను, అనుమానం పెనుభూతం అంటారు మా ఆయన, నువ్వు పాలవాణ్ణీ నమ్మవు, పాలనూ నమ్మవు అని ఎగతాళి, ఆయనకేం, సైకిల్ మీద పనికి పోతారు, చూశావా అక్కా ఎలా పోయాడో అంటోంది పక్కన టైలరమ్మ, ఏడో నెల, కుట్టిన బట్టల సంచీ మోయలేక బెంచీ మీద పెట్టింది, పెద్దాయన ఎత్తిన చెయ్యి ఇంకా దింపనేలేదు, వారానికి రెండుసార్లు మా ఆసుపత్రికే వస్తాడాయన, కిడ్నీలు పనిచేయవు, మిషన్ మీద రక్తం శుభ్రం చేస్తారు, ఆయన కోసమైనా ఆపొద్దూ.

ఇదంతా ఆ లెక్కల మనిషి వచ్చినప్పటి నుంచే, మూడు వారాల కిందట, మెడలో కార్డు, చేతిలో అట్ట, అట్టకు కాగితం, సోమవారం పొద్దున్నే దిగబడ్డాడు, రేపటి నుంచి ఇక్కడ ఎక్కేవాళ్ళను లెక్క రాస్తానన్నాడు, ఎందుకు బాబూ అంటే మీ మంచికేనమ్మా అన్నాడు, మన మంచి కోసం జీతమిచ్చి ఒకణ్ణి కూర్చోబెడతారా, చెవిలో పువ్వులు పెట్టుకున్నామా, కాగితం చూడబోతే అరచెయ్యి అడ్డం పెట్టాడు, అప్పుడే అర్థమైంది నాకు, కిందటిసారి ఛార్జీ పెంచేముందు కూడా పెద్ద బస్టాండులో ఇలాగే లెక్కలు రాశారు, జనం ఎక్కువుంటే ఎంత పెంచినా ఎక్కి చస్తారులే అని వీళ్ళ ధీమా, మనం దొరక్కూడదు, ఆ సాయంత్రమే అందరికీ చెప్పాను, అందరూ అంటే ఎంతమంది, పొద్దున ఇక్కడ ఎక్కేది అయిదారుగురమే, ఆ తర్వాత ఎక్కేవాళ్ళే ఉండరు, వాడున్నన్నాళ్ళూ వెనక స్టాపుకు నడిచిపోయి అక్కడ ఎక్కుదాం, వాడి కాగితం తెల్లగా ఉంచుదాం, భలే తెలివి అక్కా నీది అన్నారు, నాలుగు రోజులు నడిచాం, టైలరమ్మ నడుం పట్టుకుని నడిచింది, పెద్దాయన ఆసుపత్రికెళ్ళే రెండు రోజులూ కర్ర పోటేసుకుని, దారిలో రెండుచోట్ల కూలబడి, లేచి మళ్ళీ నడిచాడు, నువ్వు రాకపోయినా ఫర్వాలేదు బాబాయ్ అంటే, నేనొక్కణ్ణే దొరికిపోతే మీ కష్టమంతా బూడిదలో పోసినట్టు కాదూ అన్నాడు, బస్సు ఇక్కడ ఆగకుండా సాగిపోతుంటే కిటికీలోంచి వాణ్ణి చూసి పడీ పడీ నవ్వుకున్నాం, ఆ నవ్వు చూసే ఉంటాడు, అందుకే ఈ కక్ష.

అక్కా, ఇదేంటో చూడు, అంటోంది టైలరమ్మ, స్తంభం వెనకవైపు కాగితం, జిగురు ఇంకా తడిగానే ఉంది, పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని చదువుతున్నాడు, ఈ స్టాపులో ఎక్కేవారు లేనందున నేటి నుంచి ఇక్కడ బస్సులు ఆగవు, ప్రయాణికులు వెనక స్టాపును ఉపయోగించుకోవాలి, ఎక్కేవారు లేరట, చదివిందే మళ్ళీ చదివాడు, మనం లేమా అమ్మా అని నన్నే అడిగాడు, నువ్వు ముందే చెప్పావు అక్కా వీళ్ళు దొంగలని, నువ్వు చెప్పినట్టే అయింది అంటోంది ఆ పిల్ల, ఆమె కళ్ళలో నా మీద ఎంత గురి, పెద్దాయనేమో, పొద్దున్న ఎలాగోలా నడుస్తాను కానీ మిషన్ మీంచి లేచి వచ్చేటప్పుడు కాళ్ళు వణుకుతాయమ్మా, అంత దూరంలో దిగి ఇంటికి నడవగలనంటావా, అంటున్నాడు, నేను చెబితే నడవగలిగేట్టున్నాడు.

కాకి లెక్కలు బాబాయ్ అనబోయాను, కాకి లెక్క కాదు, అతను చూసింది చూసినట్టే రాశాడు, చూసి ఊరుకోలేదు, అడిగాడు కూడా, ఆఖరి రోజు నేను వెనకబడి ఒక్కదాన్నే అతని ముందు నుంచి నడిచిపోతుంటే లేచి వచ్చాడు, ఆ సంగతి వీళ్ళెవరికీ చెప్పలేదు నేను, అమ్మా, ఈ స్టాపు తీసేయాలని పైన అనుకుంటున్నారు, ఒక్క పేషెంటో, ఒక్క ముసలివాళ్ళో ఉన్నారన్నా రాస్తాను, తీసేయకుండా ఆపడానికి నాకో కారణం కావాలి, అన్నాడు, దాదాపు బతిమాలాడు, ఇదో ఎర అనుకున్నాను, నన్ను భయపెట్టి మనుషుల్ని బయటికి లాగుతున్నాడనుకున్నాను, సూటిగా అతని కళ్ళలోకి చూసి ఇక్కడ ఎవ్వరూ ఎక్కరు బాబూ అన్నాను, ఎవరూ లేరా అని మళ్ళీ అడిగాడు, లేరన్నాను, అతను నన్ను నమ్మాడు, నమ్మి రాసుకున్నాడు, ఈ పిల్ల నమ్మింది, పెద్దాయన నమ్మి అంత దూరం నడిచాడు, ఇప్పుడు కూడా కర్ర మీద రెండు చేతులూ ఆనించి నా జవాబు కోసం చూస్తున్నాడు, డ్రైవరూ కాదు, కండక్టరూ కాదు, లెక్కల మనిషీ కాదు, ఈ స్టాపులో నమ్మకూడని మనిషిని నేనే.