కృష్ణకుమారి రాళ్ల ఆపరేషన్

ఆళ్లగడ్డలో డాక్టర్లు తక్కువని ఎవరైనా అంటే కృష్ణకుమారి ఒప్పుకునేది కాదు. ఆమె చూసినంతలో ఊళ్లో గడపకొక డాక్టరున్నారు. అందరూ ఒక్క జబ్బులోనే ఆరితేరినవాళ్లు. ఆ జబ్బు ఆమె ఒళ్లు.

బజారులో భర్త మహానందయ్యకు చీరల అంగడి ఉంది. ఆమె రోజూ పోయి అందులో కూర్చుంటుంది. చీరకొచ్చిన ఆడవాళ్లు అంచు చూసి, కొంగు చూసి, ఆ తర్వాత ఆమెను చూసి మందు చెప్పేవాళ్లు. పొద్దున్నే వేడినీళ్లలో నిమ్మకాయ పిండుకోమని ఒకరు, ఉలవకట్టు తాగమని ఒకరు, రాత్రి అన్నం మానేసి చపాతీ తినమని ఇంకొకరు. చెప్పేవాళ్లలో సగం మంది అంగడి తలుపులో పక్కకు తిరిగి దూరవలసినవాళ్లే. ఆమె ఎవరి మాటా తీసేయలేదు. నిమ్మకాయలకు పళ్లు పులిశాయి, ఉలవలకు కడుపు ఉబ్బింది, చపాతీలు మాత్రం బ్రహ్మాండంగా కుదిరాయి. బరువు పోయినట్టే పోయి, తిరిగొచ్చేటప్పుడు తోడుగా ఇంకో నాలుగు కిలోలను వెంటబెట్టుకొచ్చేది.

నలభై ఎనిమిదో ఏట తూకం యంత్రం నూట పదహారు చూపించింది. అప్పటికే రెండు పూటలా షుగరు మాత్రలు, మోకాళ్లకు పట్టీలు. అంగడి మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి, బజారును తీరిగ్గా పరికిస్తున్నట్టు నటించేది. కూతురు కీర్తి నంద్యాలలో బ్యాంకులో పని చేస్తుంది. ఒకసారి ఇంటికొచ్చి ఆ నటన చూసి, మర్నాడు సెలవు పెట్టి తల్లిని కారెక్కించి నంద్యాల తీసుకుపోయింది.

అక్కడి ఆసుపత్రికి వారానికోసారి హైదరాబాదు నుంచి వచ్చే సర్జను బక్కపలచని మనిషి. కాగితం మీద కడుపు బొమ్మ గీసి, అందులో ముప్పాతిక వంతు కొట్టేశాడు.

"ఇంత తీసేస్తామమ్మా. అరటికాయంత గొట్టం మిగుల్తుంది. కానీ ఇది మంత్రం కాదు. కడుపును మేం చిన్నది చేయగలం, అలవాటును చేయలేం. బతికినన్నాళ్లూ విటమిన్ మాత్రలు వేసుకోవాలి. కొన్ని నెలలు జుట్టు రాలుతుంది. మాట వినకుండా తీపి నీళ్లు, ఐస్‌క్రీములు లోపలికి పంపుతూ ఉంటే పోయిన బరువు మళ్లీ వస్తుంది."

కృష్ణకుమారికి అతని మీద గురి కుదిరింది. ఇన్నేళ్లలో ఆమెకు వైద్యం చెప్పినవాళ్లలో, అది పని చేయకపోవచ్చని కూడా చెప్పిన మొదటి మనిషి అతనే.

విషయం విన్నప్పుడు మహానందయ్య భోజనం చేస్తున్నాడు. పప్పులో నెయ్యి పోయించుకుంటూ అడిగాడు.

"నోరు కట్టుకుంటే సాలదా? దానికి కత్తులెందుకు?"

"నాయనా, ఇది మూడో గరిటె నెయ్యి నీకు," అంది కీర్తి.

"నేను మొగోణ్ణి, తిరిగేటోణ్ణి," అన్నాడాయన. ఆయన తిరుగుడు ఇంటి నుంచి అంగడికి, అంగడి నుంచి ఇంటికి, అదీ స్కూటరు మీద. చొక్కా గుండీలు ఆయన పొట్ట దగ్గర ఎంత కష్టపడుతున్నాయో ఊళ్లో ఏ డాక్టరుకూ కనిపించలేదు.

రెండు రోజులు అలిగి మూడో రోజు ఒప్పుకున్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు.

"ఎవురికీ చెప్పగూడదు. తిండికి ఆగలేక కడుపు కోయించుకునిందంటారు. పిత్తాశయంలో రాళ్లని చెప్దాం. రాళ్లంటే మర్యాదైన రోగం."

ఆపరేషన్‌కు ముందు పరీక్షలు చాలా ఉంటాయని చెప్పారు గానీ, అందులో ప్రశ్నలు కూడా ఉంటాయని కృష్ణకుమారి అనుకోలేదు. రక్తం తీశారు, గుండె చూశారు, గొంతులోంచి గొట్టం వేసి కడుపు చూశారు. ఆ తర్వాత అక్షయ అనే చిన్న వయసు సైకాలజిస్టు ఎదురుగా కూర్చోబెట్టుకుని మెత్తగా అడిగింది.

"ఆకలి లేకపోయినా తింటుంటారా అమ్మా?"

"మా ఇంట్లో ఆకలి వాళ్లదమ్మా. మిగిలింది నాది."

ఆ అమ్మాయి రాసుకోవడం ఆపి తల ఎత్తింది. కృష్ణకుమారికి కూడా తన నోట వచ్చిన మాట కొత్తగానే వినిపించింది. నెమ్మదిగా విడమరిచి చెప్పింది. భర్త సగంలో వదిలేసిన పెరుగన్నం, కొడుకు హరీశ్ ఫోనొచ్చిందని లేచిపోతే మిగిలిన దోసె, రాత్రి చారు, పొద్దుటి ఉప్మా. పారేయడానికి చేతులు రావు. "బర్రెలకు వేద్దామంటే వీధి చివరికి పోవాల. నా నోరు దగ్గర గదా," అంది. నవ్వుతుందనుకుంటే ఆ అమ్మాయి నవ్వలేదు.

కత్తి పెట్టే ముందు రెండు వారాలు తిండి మాన్పించారు. కాలేయం కొవ్వు పట్టి ఉందట, అది చిన్నదైతే గానీ కడుపు చేతికి అందదట. మజ్జిగ, పలుచటి సూపు, ప్రొటీన్ పొడి కలిపిన పాలు. ఆ పొడి రుచి గోడకు వేసే సున్నానికి దగ్గరగా ఉంది. మొదటి మూడు రోజులు తల పగిలిపోయింది, కనిపించినవాళ్ల మీదల్లా కోపం వచ్చింది. ఇంట్లోవాళ్లు ఆమెకు ఎంతో సహకరించారు. బొరుగుల ఉగ్గాని, బజ్జీలు ఆమె ముందు తినకుండా పక్క గదిలో కూర్చుని తిన్నారు. తలుపు మాత్రం వేసుకోలేదు.

ఆపరేషన్ ఆమెకు తెలియకుండానే అయిపోయింది. తెలిసిందంతా ఆ తర్వాతే. పొట్ట మీద చిన్న చిన్న గాట్లు, భుజంలో గ్యాసు నొప్పి. కత్తి పొట్టలో పెడితే నొప్పి భుజంలో ఎందుకని ఆమె ఆశ్చర్యపోయే లోపల నర్సు వచ్చి లేపి నడవమంది. సాయంత్రానికల్లా వరండాలో, కీర్తి చేయి పట్టుకుని నడిచింది. తాగడానికి మందు గిన్నెంత గ్లాసులో నీళ్లిచ్చారు. గుక్కలో తాగకూడదు, చప్పరించాలి. ఆమె చేతిలో ఆ గ్లాసు చూసి మహానందయ్య మొహం తిప్పుకున్నాడు. కంట్లో నలక పడిందన్నాడు. ఆ గదికి ఏసీ ఉంది, కిటికీలు మూసి ఉన్నాయి.

రాళ్ల కబురు విని మహానందయ్య అక్క ఉమామహేశ్వరమ్మ వచ్చింది. నంద్యాలలోనే ఆమె ఇల్లు. ఒక చేతిలో కొండపిండాకు కషాయం, ఇంకో చేతిలో పూర్ణం భక్ష్యాల డబ్బా.

"మూత్రంలో రాళ్లకు ఇస్తారు గదా వదినా, అది?" అంది కృష్ణకుమారి నీరసంగా.

"రాళ్లు రాళ్లే కుమారీ. యాడున్నా కరుగుతాయి. ఒక భక్ష్యం తిను, సగమైనా తిను. ఒట్టి కడుపుతో పండుకోగూడదు."

"డాక్టరు వద్దన్నాడక్కా," అన్నాడు మహానందయ్య.

"డాక్టర్లకేం తెలుసురా," అని ఉమామహేశ్వరమ్మ ఆ భక్ష్యాన్ని తనే తినేసింది, వృథా కాకుండా.

ఇంటికొచ్చాక నీళ్ల తిండి, ఆ తర్వాత మెత్తగా నలిపిన పప్పు, ఆ తర్వాత ఇడ్లీలో ఒక ముక్క. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, ప్రతి ముద్దా పేస్టు అయ్యేదాకా నమలాలి. ఒక రోజు పొద్దున ఉగ్గాని వాసనకు మనసాగక నాలుగు ముద్దలు గబగబా తినేసింది. ఎదలో రాయి పడ్డట్టయింది. చెమటలు పట్టి, వాంతయి, స్నానాల గది గోడకానుకుని కూర్చుండిపోయింది. నొప్పికి కాదు, ఉగ్గాని తనకిక స్నేహితురాలు కాదని తెలిసి ఏడ్చింది. నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు. డాక్టరు ముందే చెప్పాడు కాబట్టి భయపడలేదు, బాధపడింది.

ఈలోపల ఇంట్లో ఇంకో వింత జరిగింది. ఫ్రిజ్‌లో చోటు లేకుండా పోయింది. గిన్నె మీద గిన్నె, మొన్నటి సాంబారు, అటుమొన్నటి వంకాయ కూర. ఈ ఇంట్లో ఇంత మిగుల్తుందని మహానందయ్యకు మొదటిసారి తెలిసింది.

"ఏందీ, ఈ మధ్య ఎక్కువ వండుతాండావా?" అని అడిగాడు.

"ఎప్పుడూ ఇంతే వండుతాండా. తినే గిన్నె ఒకటి తగ్గింది," అంది ఆమె.

ఆయన ఒక్కో గిన్నె మూత తీసి చూశాడు. మర్నాటి నుంచి బియ్యం ఒక గ్లాసు తగ్గించమన్నాడు. అది తానే కనిపెట్టినట్టు హరీశ్‌కు పొదుపు మీద పాఠం కూడా చెప్పాడు.

ఏడాది తిరిగేసరికి ఆమె డెబ్బై ఎనిమిది కిలోలకు దిగింది. షుగరు మాత్రలు డాక్టరే ఆపేశాడు. అంగడి మెట్లు ఆగకుండా ఎక్కుతోంది. చేతుల కింద చర్మం వేలాడుతోంది, జాకెట్లన్నీ రెండేసి సార్లు కుట్టించింది. ఊళ్లో డాక్టర్లకు కొత్త పని దొరికింది. అప్పుడు తగ్గమన్నవాళ్లే ఇప్పుడు, "ఏమక్కా, ఇట్లయిపోయినావు? మొగంలో కళే ల్యా" అనడం మొదలుపెట్టారు. రాళ్లు తీస్తే మనిషి సగమవుతుందా? కాదు. అయితే మరేమిటి? జుట్టు కూడా ఊడింది కదా. ఎవరు మొదట అన్నారో గానీ, ఆ మాట శిరివెళ్ల దాటి నంద్యాల చేరేటప్పటికి క్యాన్సరైంది, అదీ ముదిరిపోయి.

ఉమామహేశ్వరమ్మ తమ్ముణ్ణి ఏమీ అడగలేదు. దాస్తున్నవాణ్ణి అడగడం మర్యాద కాదనుకుంది. చుట్టాలందరికీ ఫోన్లు చేసి, "మావాడు కడుపులో పెట్టుకుని కుములుతాండాడు" అని చెప్పి, తన ఇంట్లో మృత్యుంజయ హోమం పెట్టించింది. తమ్ముడికి మాత్రం ఊరికే పూజ అని చెప్పింది.

ఆ రోజు కృష్ణకుమారి పచ్చటి పట్టుచీర కట్టుకుని వదిన ఇంటి గుమ్మంలో కాలు పెట్టగానే హాలులో మాటలు ఆగిపోయాయి. ప్రొద్దుటూరు నుంచి, నందికొట్కూరు నుంచి, ఎప్పుడో పెళ్లిళ్లలో తప్ప కనబడని వాళ్లంతా ఉన్నారు. పిన్నత్త సుబ్బలక్ష్మమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని, "బంగారం లాంటి మనిషిగా బతికినావు" అంది. భూతకాలం వినిపించింది కృష్ణకుమారికి. ఒకావిడ తన చిన్నప్పటి తప్పులన్నీ క్షమించమంది. హోమం దగ్గర పురోహితుడు ఆమె గోత్రం రెండుసార్లు చదివాడు.

భోజనాల దగ్గర ఆమె రెండు చెంచాల పులిహోర, కాస్త పప్పు వేయించుకుని నెమ్మదిగా నములుతోంది. ఎదురు వరుసలో ఒక్కొక్కరే కళ్లు తుడుచుకోవడం మొదలైంది. తుడుచుకుంటూనే రెండోసారి భక్ష్యాలు వేయించుకుంటున్నారు.

"మింగుడు పడటం ల్యాకుండా పోయింది సూడు," అని సుబ్బలక్ష్మమ్మ గట్టిగానే గుసగుసలాడింది. "ఈ క్యాన్సరుకు ఎన్నాళ్లన్నారో డాక్టర్లు!"

కృష్ణకుమారి ముద్ద ఆపి భర్త వైపు చూసింది. ఆయన విస్తరిలోకి చూస్తున్నాడు. అప్పుడు ఆమెకు అంతా అర్థమైంది.

"పిన్నత్తా," అంది, అందరికీ వినిపించేలా. "నాకు క్యాన్సరూ లేదు, రాళ్లూ లేవు. లావు తగ్గేదానికి కడుపు కోయించుకున్నా. ఇంతే తినాల, ఇంతే పడుతుంది. షుగరు పోయింది, మోకాళ్ల నొప్పి తగ్గింది. ఎవురూ ఏడ్సద్దండి."

కళ్లు తుడుచుకుంటున్న కొంగులు కిందికి దిగాయి. శుభవార్త విన్నవాళ్ల మొహాలు అలా ఉండవు. బస్సుల్లో, కార్లలో అంత దూరం నుంచి వచ్చి, అంత మనస్ఫూర్తిగా ఏడ్చి, చివరికి ఈమె బతుకుతుందట.

"లావు తగ్గేదానికా? ఇంత దానికా?" అంది సుబ్బలక్ష్మమ్మ, మోసపోయిన గొంతుతో.

"నాకు రాళ్లని చెప్పినావు గదరా!" అని ఉమామహేశ్వరమ్మ తమ్ముడి మీద పడింది. క్షమాపణ అడిగినావిడ తన విస్తరి పట్టుకుని దూరంగా పోయి కూర్చుంది. ఆ గొడవలో, చేతులు కడుక్కునే చోట ఇద్దరు ముగ్గురు కృష్ణకుమారి చెవి దగ్గరకొచ్చి, "యా ఆసుపత్రి? నొప్పి శానా ఉంటాదా?" అని అడిగారు. ఆమె దాచకుండా అన్నీ చెప్పింది, ప్రొటీన్ పొడి రుచితో సహా.

తిరుగు ప్రయాణంలో మహానందయ్య కారు నడుపుతూ నంద్యాల దాటించాడు. పరువు తీశావని అంటాడని ఆమె ఎదురుచూసింది. జవాబు కూడా తయారు చేసుకుంది.

శిరివెళ్ల దగ్గర ట్రాక్టరు అడ్డమొస్తే కారు ఆపాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఎటో చూస్తూ అడిగాడు.

"నిజంగా క్యాన్సరు కాదు గదా?"

కృష్ణకుమారి తయారు చేసుకున్న జవాబు ఎటు పోయిందో పోయింది.

"ఏంది మీరు? ఆసుపత్రిలో మీరూ ఉన్నారు గదా!"

"ఉన్నా. అయితే ఊరంతా అదే మాట. నీ జుట్టు ఊడింది, తిండి తగ్గింది. నేనే అందరికీ రాళ్లని అబద్ధం చెప్పినా గదా, నాకూ నువ్వూ కీర్తీ అట్లనే ఒకటి చెప్పినారేమో అని..." చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. "మూడు నెల్ల నుంచి అంగట్లో కూచుని ఇదే దిగులు. అడిగితే నిజమంటావేమోనని అడగలా."

ఆమెకు మొదట నవ్వొచ్చింది. ఆ మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. ఇంత లావు అబద్ధాన్ని ఊరి మీదికి వదిలి, అదే తిరిగొచ్చి మీద పడితే మూడు నెలలు ఒంటరిగా మోశాడు ఈ మనిషి. కొంగుతో ఆయన మొహం తుడిచింది.

"కాదు. ఏ రోగమూ లేదు నాకు. ఇంగ మీది చూపిద్దాం, ఆ పొట్ట ఎన్నాళ్లు మోస్తారు? ఆ డాక్టరు వచ్చేవారం వస్తాడు."

"నాకేమైంది? నేను బాగనే ఉండా," అన్నాడు వెంటనే. మామూలు మనిషైపోయాడు.

ట్రాక్టరు తప్పుకుంది. వెనక లారీ హారను కొడుతోంది.

"పోనీండి బేగా," అంది కృష్ణకుమారి. "ఈసారి ఏడ్సాలనిపిస్తే, నన్నడిగి ఏడ్సండి."