నల్ల పట్టీలవాళ్ళు

సైరన్ మోగగానే ఎక్కడివాళ్ళు అక్కడ పడిపోవాలన్నారు. పడిపోయారు.

అది ఉత్తుత్తి ప్రమాదం. రాయ్‌పూర్ పొలిమేరలో ఒక ఇనుము ఫ్యాక్టరీ, దాని పక్కనే కూలీల క్యాంపు. క్యాంపు నెత్తిన రెండు మేడలంత ఎత్తున బూడిద గట్టు. బొగ్గు కాలిన బూడిదని నీళ్ళల్లో కలిపి ఆ గట్టు వెనక చెరువులా నింపుతారు. వానలకి గట్టు తెగితే ఎలా బతికి బయటపడాలో కూలీలకి నేర్పుతామని కంపెనీ వాళ్ళు అధికారుల్ని పిలిచారు. యూనివర్సిటీలో విపత్తుల నిర్వహణ చదివే పిల్లల్ని బస్సులో తెచ్చారు.

ఆ పిల్లల్లో మాలతి ఒకతె. ఒంటి మీద నారింజ రంగు కోటు, చేతిలో గుడ్డ పట్టీల బుట్ట. పడినవాళ్ళ మణికట్టుకి పట్టీ కట్టడం ఆమె పని. ఎర్రది కడితే ముందు మొయ్యాలి. పసుపుది కడితే కాసేపు ఆగొచ్చు. ఆకుపచ్చవాళ్ళు నడిచి పోతారు. నల్లది కడితే ఇక వాళ్ళ జోలికి పోనక్కరలేదు.

తరగతిలో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఇల్లెక్కడని అడిగితే మాలతి డబ్బున్నవాళ్ళుండే దేవేంద్ర నగర్ అని చెప్పేది. ఆమె ఇల్లు ఈ క్యాంపులోనే, గట్టు నుంచి మూడో రేకుల గది. తండ్రి ఫ్యాక్టరీలో కాలి చనిపోయాక తల్లి పార్వతమ్మ బొగ్గు తట్టలు మోసి ఆమెని చదివిస్తోంది.

ఆ పార్వతమ్మే ఇప్పుడు కూతురి ముందు నేల మీద పడుకుని, ఎవరో ఎరగనట్టు చెయ్యి చాపింది.

"నల్లది కట్టమ్మా. దిష్టి తగల్దు."

పక్కనే పడుకున్న ఆడవాళ్ళు అందుకున్నారు. వాళ్ళంతా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. "నాకూ నల్లదే." "ఓలమ్మా, మా సంటి గుంటకి కూడా ఒకటియ్యే, కాలికి కడతాను."

వెనక నుంచి యూనివర్సిటీలో పాఠం చెప్పే సాహూ సారు హిందీలో తొందరపెట్టాడు. "నల్లవి ఇంకా కట్టు. కొందరైనా చావకపోతే డ్రిల్ నిజంలా కనబడదు." మాలతి వంగి తల్లి మణికట్టుకి నల్ల పట్టీ ముడి వేసింది. తల్లి ముడిని తడుముకుని సంతోషంగా కళ్ళు మూసుకుంది.

పై గేటు తెరిచారు. అది క్యాంపు నుంచి ఫ్యాక్టరీ మెరకకి పోయే ఒకే ఒక్క దారి. ఇనుప పట్టా మీద చక్రాలతో జరిగే గేటు. ఇద్దరు కాపలావాళ్ళు భుజాలానించి తోస్తేగాని కదలదు. ఇనుప ముక్కలు ఎత్తుకుపోతారని దానికి ఏడాది పొడుగునా తాళమే. కూలీలు పనికి పోవాలంటే గట్టు కింద నుంచి చుట్టు తిరిగి పోవాలి. గట్టు తెగితే మొదట మునిగేది ఆ దారే.

ఎర్రవాళ్ళని మోసుకుపోయారు, ఆకుపచ్చవాళ్ళు నడిచిపోయారు, ఫోటోలు తీశారు. నల్లవాళ్ళు మాత్రం మండుటెండలో కదలకుండా పడున్నారు. స్ట్రెచర్లు వాళ్ళని దాటుకుంటూ పోయాయి. వాళ్ళల్లో పరదేశి అనే ముసలాయన తట్టుకోలేక లేచాడు. గేటు దాటి, నీడలో అధికారుల కోసం పెట్టిన నీళ్ళ డబ్బా దగ్గరికి పోయాడు. గ్లాసు నోటి దాకా వెళ్ళకముందే కాపలావాడు మహేంద్ర మెడ పట్టుకుని తోశాడు. పరదేశి పట్టా మీద బోర్లా పడ్డాడు. పెదవి చిట్లి రక్తం వచ్చింది.

కాంట్రాక్టరు అమ్మిరాజు తెల్లచొక్కా సర్దుకుంటూ నవ్వాడు. "ఏవయ్యా పరదేశీ! చచ్చినోడికి దాహవేంటయ్యా?"

తెలుగు రాని అధికారులు కూడా నవ్వారు. ఈల వేశారు. డ్రిల్ అయిందని గేటు మూసి తాళం పెట్టారు. బస్సులో పిల్లలు పాటలు పాడుకుంటూ వెళ్ళిపోయారు. మాలతి కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మొదటి పాఠంలోనే సాహూ సారు చెప్పాడు: "వాన ప్రకృతిది, వరద ప్రకృతిది. ఆ వరద దారిలో ఎవర్ని కాపురం పెట్టాలో నిర్ణయించేది మనుషులు. విపత్తంటే అదీ." ఆ మాట పరీక్షలో రాసి మాలతి మంచి మార్కులు తెచ్చుకుంది. ఇప్పుడు ఆయన గదికి పోయి అడిగింది.

"సార్, ఆ గేటుకి ఎప్పుడూ తాళమే ఉంటుంది."

"డ్రిల్ రోజు తెరిచే ఉంది కదా? మనం చూసిందే మనం చెబుతాం."

"నిజంగా గట్టు తెగితే సార్?"

సాహూ సారు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఈ ల్యాబు ఆ కంపెనీ కట్టించిందే మాలతీ. నాకూ పిల్లలున్నారు. నీకూ డిగ్రీ కావాలి."

ఆయన మంచివాడే. మంచివాడు భయపడితే వినేవాళ్ళకి ఇంకా భయం. మాలతి నోరు మూసుకుని వచ్చేసింది.

వానలు పట్టాయి. సెలవు రోజున మాలతి హాస్టలు నుంచి బయల్దేరి దారిలో టాటీబంధ్‌లో బస్సు మారి ఇంటికి వచ్చింది. చెప్పులు చేత పట్టుకుని నేరుగా గట్టు మొదట్లోకి పోయింది. అక్కడ నీరు ఊరుతోంది. దోసిట పట్టి చూసింది. తేట నీరైతే కొంత నయం. ఇవి బూడిద రంగు నీళ్ళు. గట్టు లోపల్నించి కోసుకుపోతోందన్న మాట. చదివిన పాఠం చేతివేళ్ళ మధ్య నుంచి కారింది.

గది గుమ్మానికి నల్ల పట్టీ కట్టి ఉంది.

"అమ్మా, అది తీసెయ్యి."

"ఏటే? దిష్టి తగలకుండా రచ్చ కదా."

"రచ్చ కాదే. దానికి అర్థం సచ్చిపోయినోళ్ళని. మొయ్యొద్దు, వొదిలెయ్యండని."

పార్వతమ్మ పట్టీ ముడి విప్పింది. తరవాత అడిగింది. "తెలిసే కట్టినావా?"

మాలతి తల దించుకుంది. తల్లి ఆమెని తిట్టలేదు. బయటికి పోయి రేకు మీద గరిటెతో కొట్టింది. అందరూ కట్టెల పాకలోకి చేరారు. మాలతి గట్టు సంగతి, పట్టీ సంగతి రెండూ చెప్పింది. చంటిదాని కాలికి నల్ల పట్టీ కట్టిన తల్లి దాన్ని పళ్ళతో కొరికి తెంపేసింది.

"అంటే ఆవేళ పరదేశిని సచ్చినోడన్నది అందుకా! మమ్మల్ని ముందే పాడె ఎక్కించేసినారు!"

"మూటలు కట్టండి, ఊరెల్లిపోదాం."

"ఊళ్ళో ఏటుందిరా, నీ బాబు దాసిన పొలమా?"

"అమ్మిరాజు మనోడే కదా. మన బాసలోనే అడిగితే తాళం తీయడా?"

"మనోడా!" చిట్లిన పెదవి చూపించాడు పరదేశి. "ఆడి నవ్వు తెలుగేరా. తన్ను మాత్రం కంపెనీది."

కొలిమి దగ్గర పనిచేసే ఈశ్వర్ లేచాడు. "తాళం పగలగొడదాం."

"రేపు కొత్తది ఏస్తారు. నిన్ను జైల్లో ఏస్తారు."

మాట పూర్తి కాకుండానే పాక గుమ్మంలో అమ్మిరాజు గొడుగు కనబడింది. ఎవరో కబురు మోసేశారు. అతను ఎవరి మీదా అరవలేదు. మాలతి వైపు చూసి మెత్తగా అన్నాడు.

"బాగా చదువుకుంటున్నావంట కదమ్మా. సంతోషం. పార్వతమ్మా, పిల్ల చదువు మధ్యలో ఆగిపోతే చూళ్ళేవు. యూనివర్సిటీకి ఒక్క ఫోను చాలు నాకు. మనోళ్ళ పిల్లని ముందే చెబుతున్నా."

అతను పోయాక పార్వతమ్మ కూతురి సంచి తెచ్చి భుజానికి తగిలించింది. "ఎల్లిపో. నీ సదువు పోతే నాకేటి మిగుల్తాది? ఎల్లిపోయే తల్లీ."

మాలతి వెళ్ళిపోయింది. వానలో బస్సెక్కింది. పాకలో ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఏం తేల్చుకున్నారో ఆమెకి తెలియదు. హాస్టల్లో వాన చప్పుడు వినబడినప్పుడల్లా లేచి కూర్చునేది.

కొద్దిరోజులకి జిల్లా అధికారులు వచ్చి చూస్తామన్నారు. మళ్ళీ డ్రిల్. మళ్ళీ బస్సు, నారింజ రంగు కోటు, పట్టీల బుట్ట. ఈసారి పోలీసులు కూడా వచ్చారు. మబ్బు గట్టు మీదికి దిగి ఉంది. సైరన్ మోగింది. అందరూ పడిపోయారు.

మాలతి మొదటి మనిషి దగ్గర వంగింది. ఈశ్వర్.

"నల్లది," అన్నాడు.

తరవాత ఫూల్‌బాయి. ఛత్తీస్‌గఢీ మనిషి, ఇటుకల పనిది. ఆమే వేలితో నల్లది చూపించింది. పరదేశి నల్లదే అడిగాడు. చంటిదాని తల్లి నల్లదే అడిగింది. వరస పొడుగునా ఒకటే మాట. సాహూ సారు గాభరాగా దగ్గరికి వచ్చాడు. "ఏమిటిది? అందరూ చనిపోతే ఎలా?"

వరస చివర పార్వతమ్మ. ఈసారి కూతురి కళ్ళలోకి చూసింది. గట్టిగా, పదిమందికీ వినబడేలా అంది.

"నల్లది కట్టే, మాలతీ."

స్నేహితులు తిరిగి చూశారు. అమ్మిరాజు చూశాడు. డిగ్రీ, ఫోను, దేవేంద్ర నగర్ అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

"అలాగే అమ్మా," అంది.

కట్టింది. కోటు విప్పి మడిచి సాహూ సారు చేతిలో పెట్టింది. తన మణికట్టుకి నల్ల పట్టీ పళ్ళతో బిగించుకుని తల్లి పక్కన పడుకుంది.

ఈల వేశారు. ఎవరూ లేవలేదు. మళ్ళీ వేశారు. ముఖాల మీద చినుకులు పడుతున్నాయి. కళ్ళు మూసుకున్న మాలతికి చెవి పక్కనే బూట్లు నడుస్తున్నట్టు తెలుస్తోంది. ఏ బూటు ఎప్పుడు డొక్కలో దిగుతుందో తెలియదు. తల్లి చిటికెన వేలు వచ్చి ఆమె వేలికి చుట్టుకుంది.

"లేవండెహే! పరువు తీస్తారా?" అమ్మిరాజు అరిచాడు.

"హమన నఇ ఉఠన్!" ఫూల్‌బాయి అంది. మేం లేవం. ఆ మాటకి తెలుగు అక్కర్లేకపోయింది. నేల పొడుగునా అదే మాట పాకింది.

"వీళ్ళకి ఏం కావాలి?" పెద్ద అధికారి అడిగాడు.

"సచ్చినోళ్ళకేటి కావాల బాబూ," పరదేశి కళ్ళు తెరవకుండానే అన్నాడు, అదే హిందీలోనూ చెప్పాడు. "మొయ్యండి. ఏ దారిన మోస్తారో సూస్తాం."

ఈ గుంపుకి తల ఈ పిల్లేనని అమ్మిరాజు వేలు చూపించాడు. పోలీసులు మాలతినీ ఈశ్వర్‌నీ కాళ్ళూ చేతులూ పట్టుకుని ఎత్తారు. వ్యాను పైన ఫ్యాక్టరీ రోడ్డు మీద ఉంది. దానికి దారి పై గేటే. మొయ్యాల్సిన ఎర్రవాళ్ళు లేక దాన్ని అప్పటిదాకా తెరవలేదు, ఇప్పుడు తాళం తీశారు. ఇద్దరు కాపలావాళ్ళు తోస్తే గేటు కిర్రుమంటూ జరిగింది. నల్ల పట్టీవాళ్ళని మొదటిసారి ఆ దారిన మోసి మెరక ఎక్కించారు, పోలీసులే.

"మూసెయ్యండి!" అమ్మిరాజు కేక పెట్టాడు.

అప్పుడు లేచారు చచ్చినవాళ్ళు. లేచి, బురదలో పరుగెత్తి, గేటు జరిగే పట్టా మీద అడ్డంగా పడుకున్నారు. అందరికంటే ముందు పార్వతమ్మ. ఆమె మెడ పట్టా మీద ఉంది.

వ్యాను జాలీ పట్టుకుని మాలతి చూస్తోంది. ఇనుప చక్రాలు కదిలాయి. జానెడు జరిగాయి. ఇంకో జానెడు. పార్వతమ్మ కళ్ళు తెరిచి మహేంద్ర వైపు చూసింది.

మహేంద్ర భుజం తీసేశాడు. "నా వల్ల కాదు సాబ్," అన్నాడు. రెండోవాడు అతని ముఖం చూశాడు, పట్టాని చూశాడు, తనూ పక్కకి జరిగాడు.

అమ్మిరాజు పరుగున వచ్చి తనే భుజం ఆనించాడు. తెల్లచొక్కాకి తుప్పు అంటుకుంది. కాళ్ళు బురదలో జారాయి. మెడ నరాలు ఉబ్బాయి. గేటు కదల్లేదు. పోలీసుల వైపు చూశాడు. వాళ్ళు అధికారి వైపు చూశారు. అధికారి తల తిప్పి వెనక గట్టు వైపు చూశాడు. దాని మొదట్లో బూడిద నీళ్ళు ఇప్పుడు పిల్లకాలువలా పారుతున్నాయి.

వ్యాను కదిలింది. మాలతికి భయం పోలేదు. స్టేషన్లో ఏం చేస్తారో, గట్టు ఈ రాత్రి నిలుస్తుందో లేదో తెలియదు. తెరిచిన గేటులోంచి మాత్రం చంటిబిడ్డల్ని చంకనేసుకున్న తల్లులు మెరక మీదికి నడుస్తున్నారు. వాళ్ళ వెనక, పట్టా మీద నుంచి, వానని మించి తల్లి గొంతు వినబడింది.

"రండే! పడుకోండి! ఇంకా జాగా ఉంది!"