బిగించిన మరలు

చిన్నల్లుడంటే పెద్దల్లుడికి ఒళ్లుమంట. పాత రేడియో సెట్లు కొని తేవడం, పాలిష్ పట్టడం, అద్దాల బీరువాలో పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించడం, ఇదీ ఆ మహానుభావుడి హ్యామ్ రేడియో, అదే, ఇంట్లోంచే గాల్లో కబుర్లాడుకునే సరదా. ఒక్క సెట్టూ పలకదు. లైసెన్సుకి మాత్రం ఫ్రేము కట్టించాడు.

అలాంటివాడు ఇవాళ తగుదునమ్మా అంటూ మామగారి రేడియో గదిలో, ఏకంగా మామగారి కుర్చీలోనే కూర్చున్నాడు. ఎదురుగా మామగారు స్వయంగా కాయిల్స్ చుట్టి, వాల్వులు బిగించి కట్టిన రిసీవరు. ఆయన పోయిన కొన్నాళ్లకే అదీ మూగబోయింది. ఆయన స్నేహితులు ఇప్పటికీ ప్రతి ఆదివారం పొద్దున రేడియోలో కలుసుకుని, ముందు ఆయన కాల్‌సైన్, అంటే రేడియోలో ఆయన పేరు, పిలిచి, కాసేపు ఆగి, ఆ తర్వాతే మాట్లాడుకుంటారు. అది ఒక్కసారి వినాలని అత్తగారి కోరిక.

"వినిపించినవాళ్లే సెట్టు పట్టుకుపోండి" అందావిడ.

ఆ సెట్టు మీద పెద్దల్లుడికి పెళ్లినాటి నుంచీ కన్ను. ఒక కెపాసిటర్ ఉబ్బి ఉందని మూత తీయగానే కనిపెట్టాడు. అది మారిస్తే చాలు, సెట్టు పలుకుతుంది. కానీ చిన్నవాడు ముందే చేయి పెట్టేశాడాయె. సరే, వాడి తెలివీ చూద్దామని కాఫీ గ్లాసుతో పక్కన చేరాడు.

"అన్నయ్యగారూ, ఈ చిన్న డబ్బాల్లో మరలన్నీ వదులైపోయాయండీ. అందుకే పలకట్లేదు" అన్నాడు చిన్నల్లుడు, స్క్రూడ్రైవరు అందుకుంటూ.

వదులా, వాడి మొహమా! మామగారు చెవి ఒగ్గి వింటూ, వెంట్రుకవాసి తిప్పుతూ ఏళ్ల తరబడి శ్రుతి చేసుకున్న మరలవి. బిగిస్తే లోపలి పెళుసు కోర్ విరిగి, సెట్టు ఇక పలకదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చినా పెద్దల్లుడు మింగేశాడు. బిగించనీ వెధవని, అత్తగారి ముందే బండారం బయటపడుతుంది.

"అలాగా? బిగించు మరి" అన్నాడు.

మొదటి డబ్బాలో టక్కుమంది. పెద్దల్లుడి గుండె కలుక్కుమంది. అయినా కాఫీ ఇంకో గుక్క తాగాడు. చిన్నవాడు శ్రద్ధగా చివరి డబ్బా దాకా బిగించుకుంటూ పోయాడు.

స్విచ్చి వేస్తే వాల్వులు వెలిగాయి. గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. అత్తగారు స్పీకరుకి చెవి ఆనించి, స్నేహితులు కలుసుకునే వేళ దాటేదాకా అలాగే నిలబడింది.

అప్పుడు తీరిగ్గా గొంతు సవరించుకున్నాడు పెద్దల్లుడు. "అవి బిగించే మరలు కావు అత్తయ్యగారూ. లోపల అన్నీ విరగ్గొట్టాడు. మొదటిది విరిగినప్పుడే నాకు వినబడింది."

చిన్నల్లుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "తప్పు నాదేనండీ" అన్నాడు.

అత్తగారు వాడి వైపు చూడలేదు.

"మీకు వినబడిందా బాబూ?"

"వినబడిందండీ."

"అప్పటికి మిగతావి బాగానే ఉన్నాయా?"

పెద్దల్లుడు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

ఆవిడ సెట్టు మూత తనే వేసింది. "చిన్నల్లుడుగారూ, దీన్ని మీ బీరువాలో పెట్టుకోండి. ఇక పలికేదెలాగూ లేదు" అని, పెద్దల్లుడి వైపు తిరిగింది. "మీరు అటు పక్క పట్టుకోండి. ఆయన ఒక్కరే మొయ్యలేరు."

పట్టుకున్నాడు.