కట్టుడు ఇంజిన్

కొనేవాడు వస్తువుకు వంకలు పెడతాడు. కొననివాడు మెచ్చుకుని వెళ్లిపోతాడు. పాత కార్ల సామాను అమ్మే నాకు ఈ ఒక్క లెక్క వస్తే చాలు, మిగతా వ్యాపారమంతా దాని చుట్టూ తిరుగుతుంది.

అందుకే మా ఆడపడుచు ఆ రోజు షెడ్డులోకి వచ్చి, చెక్క దిమ్మల మీదున్న ఆరు సిలిండర్ల ఇంజిన్ ముందు నిలబడి "అబ్బ, ఎంత బావుంది వదినా!" అన్నప్పుడు నేను తలెత్తి కూడా చూడలేదు. ఆ ఇంజిన్‌ను మెచ్చుకోనివాళ్లు లేరు. కొన్నవాళ్లూ లేరు. ఒక పెద్ద కారుతో పాటు నా మెడకు చుట్టుకుని, అల్లుడు ఇల్లరికం వచ్చినట్టు వచ్చి అక్కడే కూర్చుంది.

"నా కారులో పెట్టిస్తాను," అంది.

అప్పుడు తలెత్తాను.

ఆమె పళ్ల ల్యాబ్‌లో కట్టుడు పళ్లు చేస్తుంది. రోజూ పనికి వెళ్లేది ఒక బుల్లి కారులో. అది కూడా నేను చూసి కొనిపెట్టిందే. ఊరి చివర రేస్ ట్రాక్‌లో అప్పుడప్పుడూ మామూలు జనాన్ని కూడా రానిస్తారు. హెల్మెట్, సొంత కారు ఉంటే చాలు. ఒకసారి ఈమె వెళ్లింది. అందరూ ఆమెను దాటి వెళ్లారట. చివరకు వెనక పసిపిల్లల సీటు బిగించి ఉన్న కారు కూడా. అప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు.

"పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది అమ్మాయ్ నీ వరస," అన్నాను. "నీ కారెంత, ఈ ఇంజినెంత?"

"అదే కదా వదినా మజా."

"మజా అక్కడుంది చూడు," అని పెరటి మూల చూపించాను.

ఆ మూలను మా షాపులో సగం బళ్ల మూల అంటాం. పట్టాలు కప్పిన కార్లు వరసగా ఉంటాయి. ఒక్కో కారు వెనకా ఒకే కథ. ఓనరు మంచి ఇంజిన్ దొరికిందని ఉన్నదాన్ని విప్పేస్తాడు. గేర్‌బాక్స్ కలవదు. అది కలిస్తే యాక్సిల్ పొట్టిది. అదీ కుదిరితే వైరింగ్ పేగుల్లా వేలాడుతుంది, ఏది ఎక్కడిదో దేవుడికి తెలియాలి. చివరకు నాకు ఫోన్ చేస్తాడు, నేను వెళ్లి తూకానికి కొంటాను. నాకది లాభమే. కానీ ఆడపడుచు కారు ఆ మూలకు వస్తే ఆమె పనికి బస్సులో వెళ్లాలి, నేను ఇంట్లో రోజూ ఆమె మొహం చూడాలి. తక్కెడలో అటు ఇది, ఇటు నన్ను పట్టుకుని వదలని ఆ ఇంజిన్. రెండూ బరువుగానే ఉన్నాయి.

"అంతా సరిపోతుందని తేలేదాకా నా కారు ఇంజిన్‌కు ఒక్క బోల్టు కూడా విప్పను," అంది.

"ఆ మూలలో వాళ్లందరూ అదే అన్నారు."

"వాళ్లకు నీలాంటి వదిన లేదు."

"వాళ్లందరికీ నేను అక్కనే, పిన్నినే. ఒక్కడూ విన్న పాపాన పోలేదు."

బేరం ఇలా తెగింది. ఆమె కారు మోడల్‌దే, లోపల ఏమీ లేని డొక్కు ఒకటి నా పెరట్లో ఉంది. అందులో ఇంజిన్ పడితే ఇంటివాళ్ల ధరకు ఇస్తాను. పడకపోతే ట్రాక్ మాట మళ్లీ ఎత్తకూడదు.

ఇంకెవరైనా అయితే చైన్ పుల్లీకి ఇంజిన్ వేలాడదీసి, దించి, ఇరుక్కుపోయాక తిట్టుకునేవారు. ఈమె సెలవులన్నీ మా షెడ్డులో గడిపి ఆ ఇంజిన్‌కు అచ్చు తీసింది. థర్మకోల్ పలకలు కోసి, అతికించి, పైన ప్లాస్టర్ పూసి, పళ్లు చెక్కే పనిముట్లతో గీకి గీకి, కట్టుడు పన్నులాగా కట్టుడు ఇంజిన్ చేసింది. బోల్టు తలలు కూడా చెక్కింది. టేపు పట్టుకోవడం మా ఆయన పని. ఆయనకు చెల్లెలంటే ప్రాణం, కార్లంటే భయం.

"అన్నయ్యా, టేపు వంకరగా పట్టావు."

"ఇంజినే వంకరగా ఉందమ్మా."

"మా సరుకును ఏమన్నా అంటే ఊరుకోను," అన్నాను నేను కౌంటర్ దగ్గర నుంచి.

అచ్చును ఆమె చంకలో పెట్టుకొచ్చి డొక్కులో దించింది. పక్కలకు ఖాళీ ఉంది. వెనక గోడకు తగల్లేదు. ఇక మిగిలింది బానెట్. ఆమె మైనం ఉండలు చేసి అచ్చు మీద అక్కడక్కడ అద్దింది.

"అన్నయ్యా, కొరికించు," అంది.

"ఏంటి?"

"బానెట్ మూయి. పై దవడ అదే."

మా ఆయన మూసి తెరిచాడు. మైనం ఒక్క చోటే నలిగింది. ఆమె చిన్న కత్తితో దాని మందం చూసి, నోరు తెరిపించిన డాక్టరమ్మలా తలాడించింది. "ఇక్కడొక ఎత్తు పన్ను ఉంది. గాలి గొట్టం వంపు మారిస్తే చాలు. వదినా, సరిపోయింది!"

నిజం చెప్పొద్దూ, నాకూ సంతోషమేసింది. ఆ చెక్క దిమ్మలు ఖాళీ అయితే అక్కడ ఏ రాక్ పెట్టాలో కూడా అనేసుకున్నాను. అసలు ఇంజిన్‌ను చైన్ పుల్లీతో లేపి తోపుడు బండి మీదకు దించమన్నాను. దించగానే బండి ముందు చక్రాలు కిర్రుమన్నాయి, వెనక చక్రాలు గాల్లోకి లేచాయి. మా ఆయన ఎగిరి అవతల పడ్డాడు. చంకలో కట్టుడు ఇంజిన్‌తో నిలబడి ఉన్న ఆడపడుచు బండి వంక చూసింది, చంక వంక చూసుకుంది.

"వదినా, దీని బరువెంత?"

నట్లు కూడా తూచి అమ్మే మనిషిని నేను. ఆమె ఇన్నాళ్లు కొలతలు తీస్తుంటే చూస్తూ కూర్చున్నాను కానీ ఈ మాట నాకు తట్టలేదు. అచ్చుకు ఆకారం వస్తుంది, బరువు రాదు. ఆమె వృత్తిలో బరువుతో పని లేదు కాబట్టి ఆమెకు తట్టలేదంటే అర్థముంది. నాకేమొచ్చింది? అమ్ముడుపోతోందన్న ఆశ, అంతే.

ఇంజిన్‌ను కాటా మీదకు ఎక్కించాం. తర్వాత ఆమె కారులో ఉండే రకం చిన్న ఇంజిన్ రాక్‌లోంచి తీసి తూచాం. తేడా కాగితం మీద రాస్తుంటే మా ఆయన వచ్చి, ఏదో చూడబోయి, కాటా మీద నిలబడ్డాడు.

ముల్లు చూసి నేను నవ్వాపుకోలేకపోయాను. "తేడా అచ్చంగా మీరేనండి."

ఆడపడుచు కళ్లు మెరిశాయి. "అన్నయ్యా, ఒక్కసారి నా కారు ముందు కూర్చుంటావా?"

"నడుస్తున్నప్పుడా?"

"మెల్లగా పోనిస్తాలే."

"మీ వదినను కూర్చోబెట్టు."

"నేను కూర్చుంటే తూకం తప్పుతుందండి," అన్నాను. ఎటు తప్పుతుందో చెప్పలేదు.

బానెట్ ఊడదీసి, ముందు పట్టీ మీద దిండు వేసి ఆయన్ని కూర్చోబెట్టాం. పెరట్లో ఆయిల్ డ్రమ్ములు మలుపుల్లా పెట్టాం. కారు మనిషి నడిచే వేగంతో కదిలింది. మా ఆయన రెండు చేతులతో పట్టీని పట్టుకుని, కళ్లు మూసుకుని, చెల్లెలి చిన్నతనపు తప్పులన్నీ పేరుపేరునా తలుచుకుంటున్నాడు. మొదటి డ్రమ్ము దగ్గర స్టీరింగ్ తిప్పడానికి ఆమె రెండు భుజాలూ వాడాల్సి వచ్చింది. పెరట్లో మురుగు కాలువ మీద పోసిన సిమెంటు గట్టు ఎక్కేసరికి టైరు మడ్‌గార్డును గర్రుమని రాసుకుంది. రెండో గట్టు దగ్గర కారు మూతి నేలకు తగిలింది.

"చాలమ్మా, నీకు పుణ్యముంటుంది," అని మా ఆయన దిగిపోయాడు.

ఆమె మడ్‌గార్డ్ లోపల వేలు పెట్టి నల్లటి గీత తడిమింది. వేలికంటిన నలుపును చూసుకుంది.

"గట్టి స్ప్రింగులు వేస్తే?" అంది చివరకు.

స్ప్రింగులు నా దగ్గర ఉన్నాయి. పైనున్న రెండో అరలో. నోటి దాకా వచ్చింది. ఆమె నా మొహం చూసి చెయ్యెత్తింది.

"ఆగు వదినా. షాపులో నిలబడి కాదు, ఇంట్లో నిలబడి చెప్పు."

ఇలాంటి కస్టమరు శత్రువుకు కూడా వద్దు. షెడ్డు గుమ్మం వదిలి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాను.

"స్ప్రింగులున్నాయి. అవి వేశాక పెద్ద బ్రేకులు కావాలి, అవీ ఉన్నాయి. తర్వాత యాక్సిళ్లు, అవీ ఉన్నాయి. అన్నీ నా దగ్గరే కొనొచ్చు. అన్నీ కొన్నాక కారొక్కటే ఉండదు."

"మరి?"

"నీ కారుకే పై మోడల్‌లో ఒక ఇంజిన్ వచ్చింది. నీ దానికి అన్న వరస. ఇంజిన్ కూర్చునే ఫౌండేషన్ రబ్బర్లు అవే, గేర్‌బాక్స్ అదే. బరువు తేడా ఒక పెద్ద సంచీ అంతే. ఆరు సిలిండర్ల మోత ఉండదు. పిండి కొద్దీ రొట్టె."

"తీయి మరి."

"నా దగ్గర లేదు," అన్నాను. "ఎదురు షాపు బాబాయి దగ్గరుంది."

మా ఆయన దుమ్ము దులుపుకుంటూ ఫక్కున నవ్వాడు. ఆ బాబాయికీ నాకూ మధ్య రోడ్డొక్కటే అడ్డం, కానీ ఏదైనా కొనడానికి నేను దాన్ని ఎప్పుడూ దాటలేదు.

"ఏమ్మా, దారి తప్పావా?" అన్నాడు బాబాయి గుమ్మంలోనే.

"మా ఆడపడుచుకు పాత సామాను చూడాలని ఉందట బాబాయ్. మా షాపులో అన్నీ కొత్తవాటిలా ఉంటాయి కదా."

ఆయన ఇంజిన్ చూపించాడు. నేను తుప్పును, ఆయిల్ చెమ్మను, పగిలిన ప్లాస్టిక్‌ను వరసపెట్టి తిట్టడం మొదలుపెట్టాను. ధర దిగుతోంది. సరిగ్గా అప్పుడు పక్క నుంచి "అబ్బ, ఎంత బావుంది!" అని వినిపించింది. కాలు తొక్కాను. ఆలస్యమైంది. దిగిన ధర మళ్లీ మెట్లెక్కింది.

కానీ తర్వాత ఆమె అడిగినవి నేను కూడా అడిగి ఉండేదాన్ని కాదు. ఇంజిన్ ఒక్కటే ఇస్తే వద్దంది. అదే కారులోంచి తీసిన వైరింగ్ మొత్తం, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ డబ్బా, దానితో జతపడిన తాళంచెవి, ఆఖరుకు హోస్ క్లిప్పులు కూడా కావాలంది. అన్నీ మా షెడ్డులో దుప్పటి మీద పరిచి, పళ్ల వరసలా సర్ది, ఒక్కోదాన్నీ ముట్టి చూసుకున్నాకే కార్ల మేస్త్రీని పిలిచింది. పాత ఇంజిన్ బయటికొచ్చాక కూడా మేస్త్రీ ఒక్కసారైనా నా షాపుకు ఏదో తక్కువైందని రాలేదు. వ్యాపారిగా నాకది నష్టం. రెండు రోజులు గుమ్మం వంక చూశాను.

ట్రాక్ తెరిచిన రోజు మా ఆయన, నేను కూడా వెళ్లాం. ఆమె తిరిగి తిరిగి వచ్చి, హెల్మెట్ తీసి, చెమట మొహంతో పరుగెత్తుకొచ్చింది.

"వదినా, చూశావా? ఒకణ్ణి దాటాను!"

"ఆ ఎర్ర కారునేగా? అతను టైరు చూసుకోడానికి పక్కకు ఆగాడమ్మా."

"ఆగినవాణ్ణి దాటకూడదని రూలేమన్నా ఉందా?"

"లేదులే. పిల్లల సీటు కారు సంగతేంటి?"

"అది రాలేదు ఇవాళ," అంది, కాస్త అసంతృప్తిగా.

సాయంత్రానికి గేటు దగ్గర టోయింగ్ బళ్లు వరసగా నిలబడ్డాయి. ఒకడి కారు కింద ఆయిల్ మడుగు కట్టింది. ఇంకొకడిది పొగలు కక్కుతోంది. మా ఆడపడుచుది మాత్రం వచ్చిన చక్రాల మీదే వెళ్లడానికి సిద్ధంగా ఉంది, రేపు పనికి కూడా అదే. ఆమె హారన్ కొట్టింది.

"ఎక్కు వదినా, ఇంటికెళ్దాం."

"ఒక్క నిమిషం ఆగమ్మా," అన్నాను హ్యాండ్‌బ్యాగ్‌లో వెతుక్కుంటూ. "ఇంకా ఇద్దరికి నా షాపు కార్డు ఇవ్వలేదు."