దండెం మీద ఏమీ లేని వాన

మా ఇంట్లో వానని ఎవరూ చూడరు. వానొస్తే పరిగెత్తుతారు.

మాది లాండ్రీ. కింద ఉతికే యంత్రాలు, ఇస్త్రీ బల్లలు. మధ్యలో మా రెండు కాపురాలు. పైన మేడంతా దండేలు. ఆసుపత్రుల దుప్పట్లు, హాస్టళ్ల దిండు గలీబులు, హోటళ్ల తువ్వాళ్లు అన్నీ ఆ మేడ మీదే ఆరాలి. ఆరబెట్టే యంత్రం ఒకటి ఉందిగానీ మాకొచ్చే బట్టలకి అది ఏ మూలకీ చాలదు. తెల్ల దుప్పటి మీద వాన చుక్క పడిందంటే దుమ్ము చారలు కట్టి మళ్లీ మొదటినుంచీ ఉతుక్కోవాలి. అందుకే చినుకు చప్పుడు వినిపిస్తే చాలు, తింటున్న కంచం వదిలేసి లేస్తాం. గాలి వీచే వైపునుంచి మొదలుపెట్టాలి. క్లిప్పులు నడుముకి కట్టుకున్న సంచిలో పడెయ్యాలి. దుప్పట్లు ఎడమ భుజం మీద వేసుకుంటూ పోవాలి. అంచు నేలకి తగలకూడదు. పెళ్లయి వచ్చినప్పటినుంచీ నేను వానని చూసింది దుప్పట్ల మోపు కిందనుంచే.

లేస్తాం అంటే నేనూ, మా అక్కా. సొంత అక్క కాదు, తోటికోడలు, మా బావగారి భార్య. కౌంటరూ ఇస్త్రీ అన్నదమ్ములవి, మేడ మా ఇద్దరిదీ. ఈ పంపకం ఎవరు చేశారో నాకు తెలియదు, నన్నైతే అడగలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అక్కకి ఎక్కడుంటుందో నాకింతవరకూ దొరకలేదు. ఎవరేమన్నా "సరేలెండి" అంటుంది. దుప్పట్లు మళ్లీ ఉతకమన్నా సరేలెండే, ఈ నెల చీర వద్దన్నా సరేలెండే.

అలాంటి మనిషి ఒకసారి నోరు తెరిచి అడిగింది. ఆసుపత్రికి దుప్పట్లు ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా అక్కడి గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడేది. పచ్చటి కొండవాలు, దాని మీద ఒక చెక్కబల్ల, బల్ల మీద ఎవరూ లేరు. "అలాంటి చోట ఊరికే కూర్చోవాలని ఉంది" అంది నాతో. ఆ ఊరికే అన్న మాట నాకు గుచ్చుకుంది. మొదటిసారి ప్రయాణం అనుకున్నప్పుడు వానొస్తుందన్నారు, మానేశాం. రెండోసారీ వానన్నారు, మానేశాం. ఆ రెండుసార్లూ అక్కడ వాన పడిందో లేదో ఎవరికీ తెలియదు, ఎవరం వెళ్లలేదు కాబట్టి. ఈసారి కొండమీది ఊళ్లో గది నేనే మాట్లాడాను, బస్సు టిక్కెట్లు నేనే తీశాను. ఇప్పుడూ మానేస్తే అక్క మళ్లీ ఈ జన్మలో ఏదీ అడగదు. ఆ సంగతి మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

మా బావగారికి నేను పెట్టిన పేరు వాతావరణ శాఖ. పొద్దున లేస్తూనే కిటికీ తెరవరు, ఫోను తెరుస్తారు. ప్రయాణం రెండురోజులుందనగా టీ తాగుతూ ఆ ఫోను మా వైపు తిప్పారు. వరసగా మబ్బు బొమ్మలు, ప్రతి మబ్బు కిందా చుక్కలు.

"వారమంతా వానేనట" అన్నారు.

"ఎక్కడండీ?" అంది అక్క.

"అక్కడా, ఇక్కడా. అక్కడికెళ్లి గదిలో తలుపేసుకుని కూర్చుంటారు. ఇక్కడ మేడ మీద దుప్పట్లు నానుతుంటాయి. ఎవరికి లాభం?"

"వాన రాకడా ప్రాణం పోకడా ఎవరికి తెలుసు బావగారూ" అన్నాను.

"ఫోనుకి తెలుసు" అన్నారు ఆయన.

"అయితే ఆ రెండోది కూడా అందులోనే చూసి చెప్పండి. ఆలోగా వెళ్లొచ్చేస్తాం."

మా ఆయనకి పొలమారింది. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి ఆయన. ఇప్పుడు మాట వాన గురించి కాబట్టి అన్నగారి గొడుగు కిందకి చేరాడు. "అన్నయ్య చెప్పిందీ సబబే. నువ్వు చెప్పిందీ సబబే. వచ్చే నెల చూసుకుందాంలే" అన్నాడు. వచ్చే నెలలో కూడా మబ్బులుంటాయి, ఫోను కూడా ఉంటుంది.

బావగారు కప్పు కింద పెట్టి నవ్వారు. "తడవడానికి అంత దూరం పోవాలా? మన మేడ మీద తడవొచ్చుగా, ఖర్చు లేకుండా."

ఆయన సరదాకే అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"మేడ మీద ఇన్నేళ్లుగా తడుస్తూనే ఉన్నాం బావగారూ. ఈసారి మీరు తడవండి."

ఇంటి పెద్దకి ఎదురు చెప్పానని మా ఆయన చూపు నేలమీదకి దిగింది. నేను దించలేదు. అప్పుడు అక్క కప్పులన్నీ తీస్తూ, ఎవరి మొహమూ చూడకుండా, "సరేలెండి, తర్వాతెప్పుడైనా చూద్దాం" అంది.

బావగారి మీద వచ్చిన కోపం కన్నా అక్క మీద వచ్చిన కోపం ఎక్కువ. ఎవరికోసం కత్తి దూశానో ఆ మనిషే వచ్చి ఒర అందించింది.

సాయంత్రం మేడ మీద దుప్పట్లు మడతపెడుతున్నాం. పెద్ద దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరుండాలి. చెరో కొసా పట్టుకుని దూరంగా నిలబడి లాగాలి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి, మళ్లీ వెనక్కి పోవాలి. మాట్లాడుకోవాలంటే కలిసినప్పుడు ఒక మాట, మళ్లీ కలిసినప్పుడు ఇంకో మాట. మా ఇద్దరి కష్టసుఖాలన్నీ అలా ముక్కలుముక్కలుగా చెప్పుకున్నవే.

"నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోతాను" అన్నాను, కలిసినప్పుడు.

వెనక్కి వెళ్లాం. దులిపాం. కలిశాం.

"కోపం తెచ్చుకోకే" అంది.

"నీ వంతు కోపం కూడా నేనే పడుతున్నా కదా. ఎందుకు మానేస్తున్నావో అది చెప్పు."

అక్క వెనక్కి నడిచింది. దుప్పటి బిగిసింది. కొస పట్టుకుని నిలబడిపోయింది తప్ప మళ్లీ ముందుకి రాలేదు. నేను నా కొస వదిలేస్తున్నట్టు చేతులు జార్చాను.

"నేలకి తగులుతుందే" అంది కంగారుగా.

"తగలనీ. ముందు చెప్పు."

దుప్పటి మధ్యలో వేలాడుతోంది, అంచు నేలకి జానెడు ఎత్తులో ఉంది. అక్క దాన్నే చూస్తూ చెప్పింది. "వాన పడితే నాకేం భయం? వెళ్లామనుకో. అక్కడ నిజంగానే వాన పడిందనుకో. ఇక ఆయన మాటే నెగ్గినట్టు కదా. నేను చెప్పలేదా, నేను చెప్పలేదా అని జీవితాంతం అంటారు. కూర అడుగంటినా అదే ఎత్తుతారు. అంతకన్నా వెళ్లకపోవడమే నయం."

అప్పుడు నా కోపం దిగింది. ఇదా విషయం అనిపించింది. చుక్క పడక ముందే ఈ మనిషి ఇంట్లో కూర్చునే తడిసిపోయింది.

"అననీ" అన్నాను. "వెళ్లొచ్చి అనిపించుకుందాం. వెళ్లకుండా ఎందుకు అనిపించుకోవాలి? మొన్న రెండుసార్లు మానేశావు, ఏమైనా మెచ్చుకున్నారా? అక్కడ ఎండ కాసిందో, వాన పడిందో మన కళ్లతో చూసి మనమే చెబుదాం. ఫోను చెప్పేది ఆయనే వింటారులే."

అక్క తన కొస వదిలేసింది. తెల్లటి దుప్పటి అటువైపు సగం నేలమీద పడింది. ఆ మేడ మీద అంత పెద్ద తప్పు అంతవరకూ జరగలేదు.

"బస్సు ఎన్నింటికి?" అంది.

బయల్దేరే రోజు ఆకాశం మసకబారే ఉంది. నా క్లిప్పుల సంచి తీసి మా ఆయన నడుముకి కట్టాను. "గాలి వైపునుంచి మొదలుపెట్టండి. ఎడమ భుజం. నేలకి తగలకూడదు" అన్నాను. ఆయన సంచి వైపు, అన్నగారి వైపు మార్చి మార్చి చూశాడు. బావగారు గుమ్మంలో నిలబడి, "నేను చెప్పింది చెప్పాను. తర్వాత నన్ననొద్దు" అన్నారు. "మిమ్మల్నేమంటాం బావగారూ, వాననే అంటాం" అన్నాను. అక్క వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే సరేలెండి వచ్చేస్తుందని భయపడి ఉంటుంది.

దిగినరోజు ఎండ కాసింది. కొండవాలు మీద చెక్కబల్ల కూడా ఉంది, ఒక కాలు కొంచెం కుంటి. అక్క దాని మీద కూర్చుని ఎండకి కళ్లు చికిలించి, "ఎంత మంచి ఎండే, ఒక్క దుప్పటి లేదు" అంది. నేను నవ్వానుగానీ తను నవ్వలేదు. నిజంగానే బాధపడుతోంది. కూర్చున్నా చేతులు ఒళ్లో ఊరుకోవడం లేదు, చీర అంచు మడతపెడుతున్నాయి, విప్పుతున్నాయి.

మర్నాడు మధ్యాహ్నం గదిలో ఇద్దరం నడుం వాల్చాం. టప్పుమని రేకు మీద ఒక చినుకు పడింది. ఆ తర్వాత ఏం జరిగిందో నన్నడిగితే నేను చెప్పలేను, కాళ్లనడగాలి. కళ్లు తెరిచేసరికి ఇద్దరం పెరట్లో ఉన్నాం. అక్కడ దండెం ఉంది, దండెం నిండా బట్టలున్నాయి. నేను గాలి వైపునుంచి, అక్క అటువైపునుంచి లాగుతున్నాం. చెప్పుల్లేవు, జుట్టు ముడి లేదు. ఎడమ భుజాలు నిండిపోయాయి. అప్పుడు గది అద్దెకిచ్చిన ఇంటావిడ వసారాలోకి వచ్చి మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఏం చేస్తున్నారమ్మా?"

"వానండీ" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"వానకోసమే కదమ్మా వేశాను. కాళ్లు తుడుచుకునే పట్టాలూ, పాత కర్టెన్లూ అవి. నాలుగు చినుకులు పడితే మట్టి వదులుతుందని, ఫోనులో చూసి మరీ వేశాను."

భుజం మీద చూసుకున్నాను. నిజమే, మట్టిపట్టాలు. మా చీరలు కూడా ఇప్పుడు వాటి రంగుకే వచ్చాయి. ఎవరి మబ్బు బొమ్మలు చూసి మేం వెళ్లొద్దనిపించుకున్నామో, ఆ బొమ్మలే చూసి ఈవిడ హాయిగా పట్టాలు ఆరేసుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మళ్లీ వేసేస్తామండీ" అంది అక్క.

వాన పెద్దదైంది. అక్క ఒక్కొక్క పట్టా తీసి, దులిపి, దండెం మీద వేసి, క్లిప్పు పెడుతోంది. వానలో బట్టలు ఆరేస్తోంది. మొదటిదాన్ని వేసి మళ్లీ లాగబోయింది. మూడోదాన్ని లాగలేదు. కర్టెన్ వేసేటప్పుడు తలెత్తి మొహం మీద వాన పడనిచ్చింది, తుడుచుకోలేదు. "లోపలికి రండమ్మా, తడిసిపోతున్నారు" అంది ఇంటావిడ. "నిండా మునిగినవాళ్లకి చలేమిటండీ" అన్నాను. పని అయిపోయింది. వాన మాత్రం అవలేదు. మాకు పరిగెత్తడానికి ఎక్కడా ఏమీ లేదు.

వసారా గూట్లో పెట్టిన నా ఫోను మోగింది. బావగారు. ఎత్తబోతుంటే అక్క చేయి చాపింది. ఇచ్చాను. ఆయన గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది.

"ఇక్కడ కుమ్మేస్తోంది. హోటలు దుప్పట్లు సగం తడిశాయి. తమ్ముడు మెట్ల మీద జారి కూర్చున్నాడు, ఏం కాలేదులే. అక్కడెలా ఉంది?"

"వానేనండీ" అంది అక్క.

"చెప్పలేదా నేను? నేను చెప్పలేదా? రేపు పొద్దున బస్సుకి వచ్చెయ్యండి. గదిలో కూర్చుని ఏం చేస్తారు?"

అక్క ఏ మాటకి భయపడి ఇన్నాళ్లూ కదల్లేదో ఆ మాట వచ్చేసింది. అక్క కొండవాలు వైపు చూస్తోంది. కుంటి బల్ల మీద నీళ్లు తుళ్లుతున్నాయి.

"గదిలో లేమండీ, బయటే ఉన్నాం" అంది.

"వానలో బయటేం చేస్తున్నారు?"

"చూస్తున్నామండీ."

"వానలో చూడ్డానికేముంది?"

"ఏమోనండీ. ఇప్పుడే మొదలుపెట్టాను. అనుకున్న రోజుకే వస్తాం. తడిసినవి విడిగా పెట్టండి, వచ్చాక చూద్దాం. కాదు, మీరే ఉతికెయ్యండి."

అటునుంచి బావగారు ఇంకా ఏదో అంటున్నారు. అక్క మర్యాదగా విన్నది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "సరేలెండి, ఉంటాను" అని పెట్టేసింది.

ఫోను నా చేతికిచ్చి, నడుచుకుంటూ వెళ్లి ఆ తడి బల్ల మీద కూర్చుంది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. అవి దేన్నీ మడతపెట్టడం లేదు.