లెమ్యూల్ అడిగిన నాలుగు రోజులు

యుద్ధానికి మనుషులు చాలడం లేదని డెట్రాయిట్ ఫ్యాక్టరీలన్నీ గోల పెడుతున్న రోజుల్లో కూడా, మా నల్లవాళ్లకి చీపురో కొలిమో తప్ప వేరే పని ఇచ్చేవాళ్లు కాదు. విమానాల ఇంజన్లు చేసే ఫ్యాక్టరీలో ఊడ్చి ఊడ్చి లెమ్యూల్ జుట్టు నెరిసింది. ఆదివారం మాత్రం మా చర్చికి ఆయనే పెద్ద.

ఆయన అన్నకూతురు వెర్నెల్ డ్రిల్లింగ్ మిషను పని నేర్చుకుని పరీక్ష నెగ్గినా, అక్కడే మరుగుదొడ్లు కడిగేది. మావాళ్లు యూనియన్లో కొట్లాడి, గేటు ముందు నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని నిలబడి, వాషింగ్టన్ దాకా ఫిర్యాదు చేశారు. చివరికి ఆమెకీ మరో ఇద్దరు ఆడవాళ్లకీ మిషన్లు ఇచ్చారు.

ఆ పొద్దున్నే, వాళ్ల పక్కన నిలబడి పని చేసేది లేదంటూ తెల్లవాళ్లందరూ బయటికి నడిచారు.

సూపరింటెండెంటు హాస్కిన్స్ లెమ్యూల్‌ని గదిలోకి పిలిచి, ఎన్నడూ లేనిది కుర్చీ చూపించాడు.

"నీ మాటంటే మీవాళ్లకి గురి కదా లెమ్. వాళ్లని ఓ నాలుగు రోజులు పాత పనికి పొమ్మను. అక్కడ మన కుర్రాళ్లు చస్తున్నారు, ఇక్కడ ఇంజన్లు ఆగిపోయాయి. ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుంది?"

లెమ్యూల్ కొడుకూ ఆ కుర్రాళ్లలో ఒకడు. కానీ ఆయన ఒప్పుకున్నది కొడుకు కోసం కాదు. ఆ కుర్చీలో కూర్చున్నాక కాదనడానికి నోరు రాలేదు.

"అలాగేనండయ్యా."

ఖాళీ షెడ్డులో ఆయన చెప్పింది విని వెర్నెల్ తోటి ఆడవాళ్లిద్దరూ ఆప్రాన్లు విప్పేశారు. "నువ్వే చెప్తున్నావంటే ఏదో ఉండే ఉంటుందిలే అన్నా," అంది పెద్దావిడ ఆస్టెల్. ఆ మాటకి లెమ్యూల్‌కి ముఖం చెల్లలేదు.

వెర్నెల్ కదల్లేదు. "వాళ్లు పంపారా బాబాయ్, నువ్వే వచ్చావా?"

"నేనే వచ్చానమ్మా. నీ మంచి కోరి."

"అయితే నీ కళ్ల ముందే పని చేస్తా, చూడు," అని మిషను నడిపింది. బయటి బూతులు కిటికీల్లోంచి వినపడుతున్నాయి. లెమ్యూల్ ఆమె పక్కన నిలబడొచ్చు. నిలబడలేదు. అవతలి మూలకి పోయి, ఊడ్చిన చోటే ఊడ్చాడు.

యూనియన్ పెద్దలూ, ప్రభుత్వమూ గట్టిగా పట్టుకునేసరికి వారం తిరక్కుండా తెల్లవాళ్లు పనిలోకి వచ్చారు. వెర్నెల్ మిషను వెర్నెల్‌కే ఉంది. మిషన్లు వదిలేసిన ఇద్దరికీ మళ్లీ పిలుపు రాలేదు.

ఆదివారం పాస్టరు వెర్నెల్‌ని మెచ్చుకుని, ప్రార్థన చెయ్యమని లెమ్యూల్‌ని లేపాడు. "ప్రభువా," అన్నాడాయన. నేలకేసి చూస్తూ, "నన్ను వాళ్లే పంపారు. అబద్ధం చెప్పాను," అన్నాడు.

ఎవరూ ఆమెన్ అనలేదు. ఆస్టెల్ లేచి బయటికి వెళ్లిపోయింది. ఆమె వెనకాలే వెర్నెల్.

మర్నాటి నుంచి షిఫ్టు దిగగానే లెమ్యూల్ గేటు ముందు అట్ట పట్టుకుని నిలబడ్డాడు, ఆ ఇద్దరి కోసం. హాస్కిన్స్ ఆయన్ని కొలిమి పనికి తోసేశాడు. అయినా వచ్చి నిలబడేవాడు. ఆస్టెల్ ఆయన ముందు నుంచే వెళ్లేది, తలతిప్పి చూసేది కాదు. చలికాలం మొదట్లో ఆమెకి మిషను దొరికింది. అప్పుడూ పలకరించలేదు. పలకరించాలని లెమ్యూల్ కూడా ఎదురుచూడలేదు.