చివరి ఊరి మేస్త్రి

రొట్టెలవాడు మళ్ళీ గోడలో ఇరుక్కున్నాడు. నడుము దాకా ఇటుకల్లో కూరుకుపోయి, బుట్ట ఉన్న చేతిని మాత్రం వీధిలోకి చాపి, ఎవరూ లేని దారికి రొట్టెలు చూపిస్తున్నాడు. ఆమె మౌసుతో అతని భుజం పట్టి మెల్లగా బయటికి లాగింది. అతన్ని కొట్టు ముందుకు జరిపి, ముఖం వీధివైపు తిప్పి వదిలింది. అతను రెప్పలార్చి, ఇవాళ ఎండ బాగుంది కదా అన్నాడు. ఆ మాట రాసింది వేరొకరు. ఎండ మాత్రం ఆమెది.

అక్కణ్ణుంచి బావిగట్టు, గంటస్తంభం, అద్దకంవాళ్ళ వీధి. తలుపులు సరిగా తెరుచుకుంటున్నాయా, మెట్లు గాలిలో తేలుతున్నాయా, నీడలు వాటి వాటి వస్తువుల కిందే ఉన్నాయా అని చూసుకుంటూ ఊరంతా తిరిగి రావడం ప్రతి ఉదయం ఆమె మొదటి పని. సాయంత్రానికి ఊరు ఉండదని తెలిసీ ఆ పని మానలేదు. ఖాళీ చేసే ఇంటిని ఊడ్చి అప్పగించడం అద్దె గదుల్లో పెరిగినవాళ్ళకు అలవాటు.

అది ఒక వీడియో ఆటలోని చివరి ఊరు. ఆడేవారు ఎవరికి నచ్చిన వేషం వాళ్ళు ఎంచుకుని, ఒక చేతికర్రతో పల్లెలో బయలుదేరతారు. బురదనేల దాటి, అడవి దాటి, మంచుకొండ ఎక్కి దిగి, నది మీది వంతెన దాటితే ఈ ఊరు వస్తుంది. ఊరి కొసన ఒక ఇనుప తలుపు. దాని వెనక కథ ముగుస్తుంది. అందరూ ఒకే లోకంలో నడుస్తారు, నెలల తరబడి నడుస్తారు. ఎక్కువమంది బురదలోనే మానేస్తారు. ఓడిపోయి కాదు. ఒక రాత్రి ఆట కట్టేసి పడుకుంటారు, మర్నాడు తెరవరు. అంతే. బురద దాటినవాళ్ళను అడవి ఆపుతుంది, అడవి దాటినవాళ్ళను కొండ. ఊరి లోపలికి ఇంతవరకూ వచ్చినవాళ్ళు కంపెనీ పరీక్షకులే. వాళ్ళు గోడలను గుద్ది చూస్తారు గాని గోడలను చూడరు.

ఎవరూ రాని ఊరిని సర్వర్లు ఎందుకు మోయాలని పైవాళ్ళు అడిగారు. కొత్త వెర్షనులో వంతెన దాటగానే ముగింపు వచ్చేస్తుంది. ఊరిని తీసివేసే పని ఊరు కట్టిన మనిషికే అప్పగించారు. ఆమె ఉద్యోగం ఊరి కోసం కనుక, ఊరితో పాటే అదీ ముగుస్తుంది.

ఆమెకు యాభై దాటాయి. మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు, ఏసీ చలికి భుజాల మీద కప్పుకున్న ఊలు శాలువా, కుడి మణికట్టుకు సాగే పట్టీ. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆమె వయసులో సగం ఉంటారు. మొదట్లో వాళ్ళు వేళాకోళానికి మేస్త్రి అన్నారు, తర్వాత అదే పేరైంది. ఇక్కడికి రాకముందు ఒక కట్టడాల కాంట్రాక్టరు దగ్గర నక్షాలు గీసేది. ఆమె గీసిన ఇళ్ళు ఎక్కడో లేచేవి, ఎవరో కాపురాలు పెట్టేవారు. వాటిలో ఒక్కదాని గడపా ఆమె తొక్కలేదు. మేకు కొట్టాలంటే ఇంటివాళ్ళను అడగవలసిన గదుల్లో ఆమె పెళ్ళికి ముందు బతుకు గడిచింది, పెళ్ళి తర్వాతిదీ గడుస్తోంది. ఈ ఊరిలో మాత్రం ఎన్ని మేకులు కొట్టినా ఎవరూ ఏమీ అనలేదు.

ఉద్యోగం పోతుందన్నది ఆమె నెల కిందటే మింగేసిన మాట. గొంతులో దిగనిది మరొకటి. పోయేలోగా ఒక్కరు, ఒకే ఒక్కరు, జీతం కోసం కాకుండా ఆ వీధిలో నడిచి చూడాలి. ఎవరూ చూడకుండానే పోతే, కట్టడానికీ కట్టకపోవడానికీ తేడా ఎక్కడుందో ఆమెకు అంతుపట్టడం లేదు. తేడా ఉందని చాలా ఏళ్ళు నమ్మింది. ఆ నమ్మకానికి ఆధారం తన జీతం రాళ్ళే అయితే అది నమ్మకం కాదు, అలవాటు.

పక్క సీటు అమ్మాయి పని పటం చూడటం. ఆటగాళ్ళు ఎక్కడున్నారో ఆ అమ్మాయి తెరమీద చుక్కలుగా కనబడుతుంది. వాళ్ళు ఆడుతుంటే భుజం మీదుగా తొంగి చూడకూడదన్నది కంపెనీ నియమం, చుక్కలు చూడవచ్చు. బురదనేల మీద అవి దోమల్లా ముసిరి, ఒక్కొక్కటే ఆరిపోతుంటాయి. ఆ ఉదయం అమ్మాయి కుర్చీ వెనక్కి వాల్చి, గొంతు తగ్గించి అంది.

“మేస్త్రిగారూ, మీ ఊరికి చుట్టం వస్తున్నట్టుంది.”

కొండకు ఇవతల, నదికి పోయే బాట మీద, ఒక చుక్క. ఒక్కటే. అది ఆగి ఆగి కదులుతోంది. ఆమె లేచి వెళ్ళి అమ్మాయి కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. చుక్క ఒక రాయి దగ్గర ఆగింది. మళ్ళీ కదిలింది. ఈ నడకకు సాయంత్రంలోగా చేరుతుందా అని అడిగితే, అమ్మాయి పెదవి విరిచి, దారిలో కూర్చుని పూలు కోసుకునే రకంలా ఉందని చెప్పింది.

ఆమె తన చోటికి వచ్చి పని మొదలుపెట్టింది. ఊరు తీసివేయడానికి ఒక వరస ఉంది. వంతెనవైపు నుంచి మొదలుపెట్టడం తేలిక. ఆమె వెనకవైపు నుంచి మొదలుపెట్టింది. ముందు కోటగోడ వెనక ఉన్న తోటలు. తర్వాత గంటస్తంభం, అద్దకంవాళ్ళ వీధి, అక్కడి తొట్లలో ఆరు నెలలు కష్టపడి తెప్పించిన నీలిరంగు. చుక్క ఒక పక్క నుంచి వస్తోంది, ఆమె రెండో పక్క నుంచి చెరుపుతూ వస్తోంది. వచ్చే మనిషికి వీధి కనబడితే చాలు. వీధి వెనక ఏమీ లేకపోయినా ఫరవాలేదు. ఒకనాడు ఇలాంటి మాట ఎవరన్నా అంటే ఆమె ఊరుకునేది కాదు. ఇళ్ళకు వెనక గదులు లేకపోతే కిటికీల్లో వెలుగు అబద్ధమాడుతుందని వాదించిన మనిషి.

మధ్యాహ్నం డబ్బా తెరవకుండానే భర్తకు ఫోను చేసింది. ఆయన బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి మానుకున్నాడు. ఆమె ఊరు చూడాలని ఈ రెండేళ్ళలో చాలాసార్లు ఆట మొదలుపెట్టాడు, ప్రతిసారీ బురదలో వదిలేశాడు. ఈవేళ మాత్రం తెల్లవారినప్పటి నుంచీ కదలకుండా కూర్చున్నాడు.

“ఎక్కడున్నారు?”

“ఎక్కడుంటాను. బురదలో. కప్ప ఒకటి దారికడ్డంగా కూర్చుంది. చంపి, పైగా నవ్వుతోంది.”

“ఎడమపక్క రాళ్ళ మీంచి రమ్మన్నాను కదండీ.”

“వచ్చాను. ఆ రాళ్ళు దాని పిల్లలంట. ఇన్నేళ్ళు బస్సుల కింద పడుకున్నవాణ్ణి, ఒక కప్ప కింద పడుకోవడం నామోషీగా ఉందే.”

ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. ఆయనకు ఆ ప్రయత్నం వినబడింది.

“పోనీ నువ్వే చెప్పు. ఊరెలా ఉంటుందో వీధి వీధీ చెప్పు. కళ్ళు మూసుకుని చూస్తాను.”

“నేను చెప్తే అది మీ ఊరవుతుంది, నాది కాదు.”

ఇంకోసారి దిగుతాను అని ఆయన పెట్టేశాడు. కొండ దాకా రావడానికే ఆయనకు నెలలు పడతాయని ఇద్దరికీ తెలుసు.

పొద్దు వాలేసరికి చుక్క వంతెన మొదట్లో ఉంది. అక్కడ నిలిచిపోయింది. ఆమె బావిగట్టు తీసింది, సత్రం తీసింది, ఇక వంతెన నుంచి ఇనుప తలుపు దాకా పోయే ఒక్క వీధి మిగిలింది. చుక్క కదలలేదు. వంతెన మీద కాపలాభూతం ఉంటుందని అమ్మాయి గుర్తుచేసింది. దానితో తలపడి, చచ్చి, మళ్ళీ లేచి వస్తుంటారు. ఇక్కడ మానేసినవాళ్ళూ ఉన్నారంది, ఆ మాట అనకుండా ఉండవలసిందన్నట్టు వెంటనే పటం మీదికి వంగింది.

టీమ్ లీడరు వచ్చి ఆమె తెర వంక చూశాడు. చెడ్డవాడు కాదు. ఇంట్లో పసిబిడ్డ ఉండి నిద్రలేని కళ్ళు. వీధి ఇంకా ఉందేమని అడిగాడు. ఆమె చుక్క సంగతి చెప్పింది. రేపు ఉదయం దాకా ఉంచమంది. అడగడం చేతకాని మనిషి అడిగినప్పుడు గొంతు ఎలా ఉంటుందో అలా ఉంది ఆ గొంతు.

“రాత్రికి వెర్షన్ వెళ్ళిపోవాలి మేడమ్. నా చేతిలో లేదు.”

“ఒక్క మనిషండీ.”

“అదే కదా మేడమ్ గొడవ. ఒక్క మనిషే.” అతను బల్ల అంచు మీద వేలితో గీసుకుంటూ నిలబడ్డాడు. “నేనే తీసేసేవాణ్ణి. మీ చేత్తో అయితే మీకు బాగుంటుందనుకున్నాను. అందరూ వెళ్ళేలోగా కానివ్వండి.”

అతను వెళ్ళాక ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పని ఎగ్గొట్టడం ఆమెకు రాదు. ఇప్పుడు చేస్తున్నది అదేనని, దాన్ని ఇంత ఆలస్యంగా నేర్చుకుంటున్నానని తోచింది.

“మేస్త్రిగారూ, దాటింది.”

చుక్క వంతెన అవతలి కొసన ఉంది. ఊళ్ళోకి వచ్చింది. ఆమె అమ్మాయి పక్కన నిలబడి పటం మీద తన వీధిని చూసింది. రెండు గీతల మధ్య ఒక వెలుగు. రొట్టెలవాడి దగ్గర ఆగింది. అతను ఎండ బాగుందని చెప్పే ఉంటాడు. గోడలోకి మాత్రం పోకురా అని ఆమె లోలోపల అనుకుంది. చుక్క కదిలింది. ఈ కొట్టూ ఆ కొట్టూ చూడకుండా, వీధి మధ్యగా, తిన్నగా పోతోంది. ఇనుప తలుపుకు పోయేవాళ్ళ నడక అది. ముగింపు కోసం వచ్చిన మనిషి, ఊరి కోసం కాదు.

తలుపు ఇంకా కొద్ది దూరం ఉందనగా చుక్క పక్కకు తిరిగింది. వీధి చివర ఒక ఇల్లు ఉంది. కథకు దానితో పని లేదు. అందులో నిధి లేదు, మాట్లాడే మనిషి లేడు. ఒక గది, ఒక పొయ్యి, కిటికీ పక్కన ఒక కుర్చీ, రాకపోకలకు మధ్యలో అరిగిన గడప. ఆ అరుగుదల చెక్కడానికి ఆమెకు వారం పట్టింది. ఎవరి పాదాలకు అరిగిందని అప్పుడు ఎవరో అడిగితే, అద్దె ఇవ్వనక్కర్లేని వాళ్ళవి అంది. ఆ గది ఏ నక్షాలోనూ లేనిది. చిన్నప్పటి నుంచీ గది మారినప్పుడల్లా ఆమె నిద్రపోయే ముందు కట్టుకుని, పొద్దున్నకు విప్పేసుకున్న ఇల్లు.

గడప ముందు చుక్క చాలాసేపు ఆగింది. అక్కడక్కడే కొద్దిగా అల్లాడింది. తర్వాత లోపలికి వెళ్ళింది. కిటికీ పక్కకు, కుర్చీ ఉన్నచోటికి వెళ్ళి నిలిచింది.

ఇక కదలలేదు.

ఆఫీసు ఖాళీ అవుతోంది. కుర్చీలు బల్లల కిందికి జరుగుతున్న చప్పుడు. ఆ ఇంటి కిటికీలోంచి చూస్తున్నారేమో అంది ఆమె. ఆ కిటికీకి అవతల నది కనబడుతుంది, ఆ పొద్దులో నీళ్ళకు రాగిరంగు వస్తుంది. తినడానికి లేచి వెళ్ళుంటారండీ, ఆన్ చేసి వదిలేసి, అంది అమ్మాయి నెమ్మదిగా. ఆ రెంటిలో ఏది నిజమో చుక్కకు తెలియదు. చూస్తున్న మనిషీ, లేచిపోయిన మనిషీ పటం మీద ఒకే మాదిరిగా ఉంటారు.

ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకునేలోగా చుక్క ఆరిపోయింది.

అమ్మాయి ఏవో మీటలు నొక్కి చూసింది. ఆ మనిషి ఆట కట్టేయడం కాదు, ఖాతాయే మూసేసుకున్నారు. తిరిగి రావడానికి వీలు లేకుండా. ఒక్క తలుపు మిగిలి ఉండగా. ఎందుకో తెలియదు, ఎందుకని అడిగే పెట్టె దగ్గర ఏమీ రాయలేదు.

ఆమె తల ఊపి తన చోటికి వచ్చింది. బురదలో మానేసినవాళ్ళను బురద ఆపింది. కొండ దగ్గర మానేసినవాళ్ళను కొండ. ఈ మనిషిని తన గది ఆపిందన్నమాట. ఇంత దూరం నడిచివచ్చిన మనిషికి అక్కడ కూర్చున్నాక ఇక వద్దనిపించింది. అమ్మాయి సంచీ తగిలించుకుని, ఆమె భుజం మీద చెయ్యి వేసి తీసి, వెళ్ళిపోయింది.

వీధి తీయడానికి ఎక్కువసేపు పట్టలేదు. కొట్లు, రొట్టెలవాడు, అతని బుట్ట. తర్వాత ఇంటి జాబితా తెరిచింది. బొమ్మ వంక చూడకుండా, పేర్లు మాత్రం చూస్తూ, ఒక్కొక్కటే తీసింది. పెంకులు. దూలం. గోడలు. పొయ్యి. కిటికీ. కుర్చీ. గడప దగ్గర చెయ్యి ఆడలేదు. తర్వాత ఆడింది.

జాబితా ఖాళీ అయింది. తలెత్తింది.

నది దాకా చదునైన బూడిదరంగు నేల. ఇల్లు ఉన్నచోట ఏదో మిగిలి ఉంది. ఏది మరిచానా అని జాబితా మళ్ళీ చూసింది. ఊరికి చెందినదేదీ మిగల్లేదు. ఆటగాళ్ళ సామాను ఊరి లెక్కలోకి రాదు, ఆమెకు దాన్ని తాకే అధికారమూ లేదు. దగ్గరికి వెళ్ళి చూసింది.

ఒక జత బూట్లు. మంచుకొండ మీద ఎన్నోసార్లు చస్తే గాని దొరకనివి. దొరికాక వాటిని ఎవరూ విప్పరు. విప్పితే అడుగడుగుకూ ప్రాణం తరుగుతుంది. ఇంట్లోకి వెళ్ళేముందు విప్పమని ఆటలో ఎవరూ చెప్పరు. విప్పినందుకు దక్కేదీ లేదు. పైగా కింద పెట్టిన వస్తువు ఆ ఆటలో తలకిందులుగానో పక్కకు ఒరిగో పడుతుంది. ఇలా పక్కపక్కన నిలబడాలంటే, పెట్టి, ఎత్తి, మళ్ళీ పెట్టి, కుదిరేదాకా ఓపిక పట్టాలి.

గడప ముందు చుక్క ఎందుకు అల్లాడిందో ఆమెకు అప్పుడు తెలిసింది. అమ్మాయిని పిలవబోయింది. పక్క సీటు ఖాళీగా ఉంది.

లీడరు గుర్తింపు కార్డు కోసం వచ్చి తెర చూశాడు. ప్లేయర్ల సామాను తెల్లారేలోగా దానంతటదే పోతుంది, ఇబ్బంది లేదు అన్నాడు. ఆమె సరే అంది. కార్డును సంచీలోంచి తీసి ఇచ్చింది, శాలువా మడిచి సంచీలో పెట్టుకుంది, తెర ఆర్పకుండా వెళ్ళిపోయింది. లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు లోపలి దాకా వినిపించింది.

వానలు ఊరి జాబితాలోవి కావు. అవి వాటి వేళకు వస్తాయి. ఆ ఖాళీ నేల మీద సన్నగా జల్లు మొదలైంది. లేని గడపకు ఇవతల, మడమలు వీధివైపూ మునివేళ్ళు లోపలివైపూ చేసి, మంచు మరకలు ఆరని ఆ బూట్లు పక్కపక్కనే తడుస్తున్నాయి.